పార్టికల్ యాక్సిలరేటర్లు అంత పెద్దగా ఎందుకుంటాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

పార్టికల్ యాక్సిలరేటర్ అంటే ప్రోటాన్, ఎలక్ట్రాన్ లాంటి కణాల వేగాన్ని, శక్తిని పెంచే యంత్రం. జెనీవా దగ్గరున్న 27 కిలోమీటర్ల యాక్సిలరేటర్ గురించి మాట వచ్చినప్పుడల్లా దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు, అందుకే అన్నింటికీ ఒకేచోట జవాబులు రాస్తున్నాను. ఇంటర్‌లో ఫిజిక్స్ చదివి మర్చిపోయినవాళ్లకి కూడా అర్థం కావాలన్నదే నా ఉద్దేశం. మధ్యలో ఒకే ఒక్క ఫార్ములా వస్తుంది. దాన్ని మాత్రం దాటేయకండి, అసలు జవాబు అందులోనే ఉంది.

కంటికి కనపడని కణం కోసం ఇంత పెద్ద యంత్రమా?

కణం ఎంత చిన్నదైతే దాన్ని చూడటానికి అంత ఎక్కువ శక్తి కావాలి. మామూలు మైక్రోస్కోపుతో అణువు లోపల ఏముందో చూడలేం, ఎందుకంటే కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం 400 నుంచి 700 నానోమీటర్లు, అణువు దానికన్నా వేల రెట్లు చిన్నది. తరంగం కన్నా బాగా చిన్నదైన వస్తువు ఆ తరంగానికి చిక్కదు. కణాలకు కూడా తరంగదైర్ఘ్యం ఉంటుంది, వాటి శక్తి పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. ప్రోటాన్ లోపలికి తొంగిచూడాలంటే కనీసం కొన్ని జీఈవీల శక్తి ఉండాలి. (ఒక వోల్టు తేడాను దాటితే ఎలక్ట్రాన్‌కి వచ్చే శక్తి ఒక ఎలక్ట్రాన్ వోల్టు. అలాంటివి వంద కోట్లయితే ఒక జీఈవీ, లక్ష కోట్లయితే ఒక టీఈవీ.)

ఇంకో కారణం కూడా ఉంది, నిజానికి అదే పెద్దది. ఈ యంత్రాల్లో ఉన్న కణాన్ని చూడటంతో పని అయిపోదు, లేని కణాన్ని పుట్టించాలి. శక్తి ద్రవ్యరాశిగా మారుతుందని ఐన్‌స్టీన్ సమీకరణం చెబుతుంది కదా. మిగతా కణాలకి ద్రవ్యరాశి ఎలా వస్తుందన్న ప్రశ్నతో ముడిపడిన హిగ్స్ బోసాన్ అనే కణం ద్రవ్యరాశి (శక్తి లెక్కలో చెబితే) 125 జీఈవీ, అంటే ప్రోటాన్ కన్నా సుమారు 133 రెట్లు. అంత శక్తి ఒక్క బిందువు దగ్గర పోగైతే తప్ప అది పుట్టదు. పైగా ప్రోటాన్ ఒకే ముద్ద కాదు, లోపల క్వార్కులు, గ్లూయాన్లు ఉంటాయి, ఢీకొనేది అవే. కాబట్టి ప్రోటాన్‌కి ఇచ్చిన శక్తిలో కొంత వాటా మాత్రమే పనికొస్తుంది, అందుకే అవసరమైన దానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ ఇవ్వాల్సి వస్తుంది.

సరే, శక్తి కావాలి. దానికి సైజు ఎందుకు పెరగాలి?

పొలంలో పిట్టల్ని తోలడానికి వడిసెల తిప్పడం మీరు చూసే ఉంటారు. రాయి గుండ్రంగా తిరుగుతోందంటే తాడు దాన్ని క్షణక్షణం లోపలికి లాగుతోందన్నమాట, లాగడం ఆగిందా రాయి తిన్నగా దూసుకుపోతుంది. వేగం పెంచుతూ పోతే చేతి మీద లాగుడు పెరుగుతుంది, చెయ్యి ఇక తట్టుకోలేని స్థితి వచ్చాక కూడా వేగం పెంచాలంటే తాడు పొడవు పెంచడం ఒక్కటే దారి. యాక్సిలరేటర్‌లో ఆ చెయ్యి పని చేసేది అయస్కాంతం. ప్రోటాన్‌ని వంచి మళ్లీ మొదటిచోటికి తెచ్చేది అదే, దాని బలానికి ఒక హద్దు ఉంది, ఆ హద్దు చేరాక మిగిలేది వ్యాసార్థం పెంచడమే.

ఇప్పుడు ఫార్ములా. శక్తి జీఈవీల్లో, అయస్కాంత క్షేత్రం టెస్లాల్లో, వంపు వ్యాసార్థం మీటర్లలో తీసుకుంటే, కాంతివేగానికి దగ్గరగా పోయే ప్రోటాన్‌కి:

శక్తి = 0.3 × క్షేత్రం × వ్యాసార్థం

జెనీవాలో సెర్న్ అనే యూరప్ పరిశోధన సంస్థ నడిపే లార్జ్ హాడ్రాన్ కొలైడర్‌నే, అంటే ఎల్‌హెచ్‌సీనే తీసుకుందాం. దాని అయస్కాంతాల క్షేత్రం 8.33 టెస్లాలు. వంపు వ్యాసార్థం 2,804 మీటర్లు. 0.3ని 8.33తో, దాన్ని 2,804తో గుణించండి: 7,000 జీఈవీలు, అంటే 7 టీఈవీలు వస్తుంది. ఆ యంత్రాన్ని డిజైన్ చేసింది సరిగ్గా ఆ శక్తికే. కాగితం, పెన్ను తీసుకుని ఈ లెక్క మీరే ఒకసారి వేసి చూడండి, 27 కిలోమీటర్ల సొరంగం వెనకున్న లెక్క మన చేత్తో మనమే వేయగలమని తెలిసినప్పుడు కలిగే ఆనందం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

2,804 మీటర్ల వ్యాసార్థమంటే చుట్టుకొలత 17.6 కిలోమీటర్లే కదా, 27 ఎందుకైంది?

మంచి ప్రశ్న. ప్రోటాన్‌ని వంచే అయస్కాంతాలు మొత్తం 1,232. ఒక్కోటి సుమారు 15 మీటర్ల పొడవు, 35 టన్నుల బరువు. వాటిలో నిజంగా వంచే భాగమంతా కలిపితే ఆ 17.6 కిలోమీటర్లు వస్తుంది. మిగతా చోట ప్రోటాన్ గుంపు చెదిరిపోకుండా దగ్గరికి నొక్కే అయస్కాంతాలు, శక్తినిచ్చే రేడియో తరంగాల గదులు, కణాలు ఢీకొనే నాలుగు చోట్లా ఉన్న డిటెక్టర్లు, పని అయిపోయాక కణాలను బయటికి మళ్లించే ఏర్పాటు ఉంటాయి. ఆ డిటెక్టర్లలో అట్లాస్ ఒక్కటే 46 మీటర్ల పొడవు, 25 మీటర్ల ఎత్తు.

ఇంకో సంగతి, ఆ సొరంగం ఎల్‌హెచ్‌సీ కోసం తవ్వింది కాదు. 1980లలో ఎల్‌ఈపీ అనే ఎలక్ట్రాన్ యంత్రం కోసం తవ్వారు, ఎల్‌హెచ్‌సీ తర్వాత అందులోకి వచ్చి చేరింది. అంటే దీని విషయంలో వ్యాసార్థం ముందే ఖాయమైపోయింది, ఇంజనీర్ల చేతిలో మిగిలింది ఒక్క అయస్కాంతమే.

మరి అయస్కాంతాలనే ఇంకా బలంగా చేస్తే సరిపోదా?

ఇంజనీర్లు అన్నిటికంటే ఎక్కువగా కష్టపడుతున్నది ఈ పని మీదే. ఇనుప గుండె, రాగి తీగ ఉన్న మామూలు విద్యుదయస్కాంతం 2 టెస్లాలు దాటడం కష్టం. దాంతోనే 7 టీఈవీలు కావాలంటే, పైన చెప్పిన ఫార్ములా ప్రకారం ఒక్క వంపులకే 73 కిలోమీటర్లు కావాలి. అందుకే ఎల్‌హెచ్‌సీలో నియోబియం, టైటానియం కలిపిన అతివాహక తీగలు వాడారు. అతివాహకమంటే కరెంటుకి నిరోధమే లేని పదార్థం. ఆ తీగల్లో 11,850 ఆంపియర్ల కరెంటు పారుతుంది, వేడి పుట్టదు. కాకపోతే అలా పారాలంటే తీగని 1.9 కెల్విన్ దగ్గర, అంటే సున్నాకి కింద 271 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచాలి. నక్షత్రాల మధ్య ఖాళీ అంతరిక్షం కూడా ఇంతకన్నా కాస్త వెచ్చగానే ఉంటుంది.

ఉష్ణోగ్రత కొంచెం పెరిగినా, క్షేత్రం మరీ ఎక్కువైనా తీగ అతివాహక గుణం కోల్పోతుంది. ఆ క్షణం నుంచి వేల ఆంపియర్లు మామూలు తీగలో పారినట్టే, ఎక్కడ లేని వేడి పుడుతుంది. ఇలాంటి యంత్రంలో చిన్న లోపం ఎంత దూరం పోతుందో 2008లో తెలిసింది. సెప్టెంబరు 10న మొదటిసారి ప్రోటాన్లు తిరిగాయి, ప్రపంచమంతా పండగ చేసుకుంది. తొమ్మిది రోజులకి, సెప్టెంబరు 19న, ఒక సెక్టార్‌లో కరెంటు పెంచుతూ పరీక్షిస్తుండగా రెండు అయస్కాంతాల మధ్య ఉన్న ఒక అతుకు దగ్గర లోపం బయటపడింది. అక్కడ మెరుపులాంటి ఆర్క్ పుట్టి అయస్కాంతాలను చల్లగా ఉంచే హీలియం గొట్టానికి చిల్లు పడింది, టన్నుల కొద్దీ హీలియం సొరంగంలోకి ఎగదన్నింది, ఆ ఒత్తిడికి పదుల టన్నుల బరువున్న అయస్కాంతాలు ఉన్నచోటి నుంచి కదిలిపోయాయి. బాగుచేయడానికి 53 అయస్కాంతాలను బయటికి తీయాల్సి వచ్చింది. ప్రోటాన్లు మళ్లీ తిరిగింది 2009 నవంబరులో. ఒక్క అతుకు, ఏడాదికి పైగా పని. ఆ తర్వాత శక్తిని కూడా ఒక్కసారిగా పెంచలేదు: 2010లో ఎదురెదురుగా తిరిగే రెండు ప్రోటాన్ గుంపుల్లో ఒక్కో వైపు 3.5 టీఈవీలు, 2012లో 4, 2015లో 6.5, 2022లో 6.8.

ఇంకా బలమైన తీగలు లేకపోలేదు. నియోబియం, తగరం కలిపిన తీగతో 11, 12 టెస్లాలు సాధిస్తున్నారు, ఎల్‌హెచ్‌సీని 2030 ప్రాంతానికి మెరుగుపరిచే ప్రాజెక్టులో అవి వాడుతున్నారు కూడా. ఇబ్బందేమిటంటే ఆ పదార్థం పెళుసు, చుట్టేటప్పుడే పగుళ్లు వచ్చే ప్రమాదం ఉంది, అందుకని ముందు తీగ చుట్టి తర్వాత కొలిమిలో రోజుల తరబడి కాల్చి ఆ గుణం రప్పిస్తారు. దానికి తోడు క్షేత్రం రెట్టింపైతే తీగల మీద పడే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. అయస్కాంతం తనని తానే చీల్చుకోకుండా ఉక్కు పట్టీలతో బిగించి ఉంచాలి.

కణాలను గుండ్రంగా తిప్పే మొదటి యాక్సిలరేటర్ అరచేతిలో పట్టేదట, నిజమేనా?

నిజమే. 1930, 31లలో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ఎర్నెస్ట్ లారెన్స్, ఆయన విద్యార్థి లివింగ్‌స్టన్ కలిసి చేసిన సైక్లోట్రాన్ వ్యాసం 11 సెంటీమీటర్లే. హైడ్రోజన్ అయాన్లకి 80,000 ఎలక్ట్రాన్ వోల్టులిచ్చింది. లారెన్స్‌కి 1939లో నోబెల్ వచ్చింది.

సైక్లోట్రాన్‌లో కణం మధ్యలో మొదలై, శక్తి పెరిగేకొద్దీ వెడల్పవుతున్న చుట్లు తిరుగుతూ అంచుకి వస్తుంది. అంటే మొత్తం పళ్లెమంతటికీ అయస్కాంతం కావాలి. సైజు రెట్టింపు చేస్తే ఇనుము బరువు దాదాపు ఎనిమిది రెట్లవుతుంది. దానికి తోడు వేగం పెరిగాక సాపేక్షతా సిద్ధాంతం వల్ల కణం వెనకబడి, రేడియో తరంగాల తాళం తప్పుతుంది. దీనికి విరుగుడుగా వచ్చిందే సింక్రోట్రాన్: కణం ఎప్పుడూ ఒకే వలయంలో తిరుగుతుంది, శక్తి పెరిగేకొద్దీ అయస్కాంత క్షేత్రాన్నే పెంచుతూ పోతారు, కాబట్టి సన్నటి గొట్టం చుట్టూ అయస్కాంతాలుంటే చాలు. ఇందులోనూ తొలి యంత్రాలు భారీగానే ఉండేవి. సోవియట్ రష్యాలోని దుబ్నాలో 1957లో మొదలైన 10 జీఈవీల యంత్రానికి 36,000 టన్నుల అయస్కాంతం వాడారు. కణాల గుంపుని గట్టిగా దగ్గరికి నొక్కే పద్ధతి 1952లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్‌లో దొరికింది. దాంతో గొట్టం సన్నబడింది, గొట్టంతో పాటు అయస్కాంతాలూ చిన్నవయ్యాయి. ఆ పద్ధతితో కట్టి 1959లో మొదలుపెట్టిన సెర్న్ ప్రోటాన్ సింక్రోట్రాన్ 628 మీటర్ల వలయం. అది ఇప్పటికీ పనిచేస్తోంది, ఎల్‌హెచ్‌సీకి వెళ్లే ప్రతి ప్రోటానూ దాని గుండానే పోతుంది.

వంచడమే అంత కష్టమైతే తిన్నగా ఎందుకు కట్టరు?

కడతారు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ దగ్గర 3.2 కిలోమీటర్ల తిన్నని యంత్రం 1966లో మొదలైంది, ఎలక్ట్రాన్లకి 50 జీఈవీల దాకా ఇచ్చింది. ఇక్కడ అడ్డుపడేది అయస్కాంతం కాదు, ఒక మీటరులో ఎన్ని వోల్టులు పెట్టగలమన్నది. ఎక్కువ పెడితే లోహపు గోడల నుంచి నిప్పురవ్వలు లేస్తాయి, లేదా అతివాహక గుణం పోతుంది. ఇప్పటి అతివాహక గదుల్లో మీటరుకి సుమారు 3 కోట్ల వోల్టులు సాధ్యం. ఆ లెక్కన 7 టీఈవీలకి 233 కిలోమీటర్లు కావాలి, రెండు వైపుల నుంచి ఢీకొట్టించాలంటే దానికి రెట్టింపు.

వలయంలో ఉన్న గొప్ప సుఖం, అదే గదుల గుండా మళ్లీ మళ్లీ పంపొచ్చు. ఎల్‌హెచ్‌సీలో ప్రోటాన్‌కి ఒక్కో చుట్టులో అందేది సగటున 5 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల లోపే, చాలా తక్కువ. కానీ అది సెకనుకి 11,245 చుట్లు తిరుగుతుంది. 20 నిమిషాల్లో 1.35 కోట్ల చుట్లు పూర్తవుతాయి, 0.45 టీఈవీలతో లోపలికి వచ్చింది, డిజైన్ ప్రకారం 7 టీఈవీలకి చేరుకుంటుంది.

కాంతివేగం దాదాపు వచ్చేశాక ఇంకా ఎందుకు నెట్టడం?

వేగం కోసం కాదు. ఎల్‌హెచ్‌సీలోకి వచ్చేటప్పటికే ప్రోటాన్ కాంతివేగంలో 99.9998 శాతం దగ్గర ఉంటుంది. ఆ తర్వాత వేగం పెరిగేది నామమాత్రం, శక్తి మాత్రం 15 రెట్లు పెరుగుతుంది. మనకి కావలసింది ఆ శక్తే.

ఎలక్ట్రాన్ చాలా తేలిక కదా, దానికి చిన్న వలయం చాలదా?

సరిగ్గా తలకిందులు. తేలికగా ఉండటమే దాని ఇబ్బంది. ఛార్జి ఉన్న కణాన్ని వంచితే అది కాంతి రూపంలో శక్తిని పోగొట్టుకుంటుంది. ఒకే శక్తి దగ్గర ఈ నష్టం ద్రవ్యరాశి నాలుగో ఘాతానికి విలోమంగా ఉంటుంది. ఎలక్ట్రాన్ ప్రోటాన్‌లో 1,836వ వంతు కాబట్టి దాని నష్టం 10 లక్షల కోట్ల రెట్లకు పైగా ఎక్కువ. శక్తి రెట్టింపు చేస్తే నష్టం 16 రెట్లవుతుంది. వ్యాసార్థం పెంచితే మాత్రం తగ్గుతుంది. అందుకే ఎలక్ట్రాన్ వలయం పెద్దదిగా ఉండాలి.

ఇందాక చెప్పిన ఎల్‌ఈపీ కథ ఇదే. చివరి రోజుల్లో ఒక్కో ఎలక్ట్రాన్‌కి 104 జీఈవీల దాకా ఇచ్చారు, అది ఒక్కో చుట్టులో 3 జీఈవీలకు పైగా పోగొట్టుకునేది. ఇచ్చిందంతా నష్టాన్ని పూడ్చడానికే సరిపోయేది. రెండు వైపులా కలిపి 209 జీఈవీల దగ్గర ఆగిపోయారు. అక్కడ హిగ్స్ పుట్టాలంటే దానితో పాటు జెడ్ బోసాన్ అనే 91 జీఈవీల ఇంకో కణం కూడా పుట్టాలి, అంటే 216 జీఈవీలు కావాలి. ఏడే ఏడు జీఈవీల దూరం! 2000లో ఎల్‌ఈపీని ఆపేశారు, హిగ్స్ అదే సొరంగంలో 12 ఏళ్ల తర్వాత, 2012లో, ప్రోటాన్ల ఢీల్లో దొరికింది. యాక్సిలరేటర్ల చరిత్రలో నన్ను ఎక్కువగా కదిలించేది ఈ ఘట్టమే.

ఆకాశం నుంచి ఇంతకన్నా ఎక్కువ శక్తి ఉన్న కణాలు వస్తాయి కదా, వాటినే వాడుకోవచ్చు కదా?

వస్తాయి. 1991లో అమెరికాలోని యూటాలో పసిగట్టిన ఒక కాస్మిక్ కిరణం శక్తి సుమారు 32 కోట్ల టీఈవీలు. అయితే అది కదలకుండా ఉన్న గాలి అణువుని కొట్టినప్పుడు శక్తిలో ఎక్కువ భాగం ముందుకు దూసుకుపోవడంలోనే ఖర్చయిపోతుంది. ఎదురెదురుగా ఢీకొట్టించడంలో ఉన్న లాభం అదే: ఎల్‌హెచ్‌సీలో డిజైన్ ప్రకారం 7, 7 కలిపి 14 టీఈవీలు, కదలని ప్రోటాన్ మీద అదే ఫలితం రావాలంటే ఒక్క కణానికి లక్ష టీఈవీలకు పైగా ఇవ్వాలి. ఈ నష్టమంతా తీసేసినా ఆ యూటా కణం ఎల్‌హెచ్‌సీ కన్నా ముందే ఉంటుంది, కానీ అలాంటిది చదరపు కిలోమీటరుకి వందేళ్లకి ఒకటి కూడా రాదు. ఎల్‌హెచ్‌సీలో సెకనుకి వంద కోట్ల ఢీలు జరుగుతాయి, అన్నింటిలో సుమారు ఒక్కదాంట్లో హిగ్స్ పుడుతుంది.

భూమి లోపల ఎందుకు పెడతారు?

పైన ఊళ్లున్నాయి, పొలాలున్నాయి, అంత నేల ఎవరిస్తారు? భూమి మందం రేడియేషన్‌ని ఆపుతుంది, లోపల కదలికలూ తక్కువ. అలాగని పూర్తిగా కదలదని కాదు. ఎల్‌ఈపీ రోజుల్లో ఎలక్ట్రాన్ల శక్తి రోజులో ఒక లయలో పెరిగి తగ్గుతుండేది. సముద్రాన్ని పొంగించినట్టే చంద్రుడు నేలనీ కొంచెం లాగుతాడు, దానివల్ల 27 కిలోమీటర్ల వలయం చుట్టుకొలత ఒక మిల్లీమీటరు మారుతోందని తేల్చారు. ఆ తర్వాత ఇంకో గందరగోళం, పగలు కనిపించి అర్ధరాత్రి కాసేపు ఆగేది. ఆరా తీస్తే జెనీవా నుంచి పోయే ఎలక్ట్రిక్ రైళ్ల కరెంటు నేలలోకి జారి యంత్రం గొట్టాన్ని తాకుతోంది.

క్యాన్సర్ ఆస్పత్రిలో ఉండేది కూడా యాక్సిలరేటరేనట?

అవును, రేడియోథెరపీలో వాడే లీనాక్ అదే. దానికి 60 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు చాలు కాబట్టి వేగం పెంచే గొట్టం మీటరులోపే ఉంటుంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లోని పెద్ద క్యాన్సర్ ఆస్పత్రుల్లో ఉన్నాయి. ప్రపంచంలోని యాక్సిలరేటర్లలో అత్యధికం ఇలాంటి చిన్నవే.

మన దేశంలో పెద్దవి లేవా?

ఎల్‌హెచ్‌సీలాంటిది లేదు. ఇండోర్‌లోని ఇండస్-2 మనకున్న పెద్ద వలయం, చుట్టుకొలత 172 మీటర్లు, శక్తి 2.5 జీఈవీలు. ఎల్‌ఈపీని ముంచిన ఆ కాంతే ఇక్కడ అసలు పంట, దాంతో పదార్థాలను, ప్రోటీన్లను పరిశీలిస్తారు. కోల్‌కతాలో 1977 నుంచి సైక్లోట్రాన్ ఉంది. ఎల్‌హెచ్‌సీలో కూడా మన చెయ్యి ఉంది: ఆ భారీ అయస్కాంతాలు నిలబడ్డ జాకీలు, సుమారు 7,000, ఇండోర్ కేంద్రం ఆధ్వర్యంలో భారత్ నుంచి వెళ్లినవే. 35 టన్నుల బరువుని మిల్లీమీటరులో చిన్న భాగం మేర చేత్తో సర్దగలిగే జాకీలవి. 2017 నుంచి భారత్ సెర్న్‌లో అసోసియేట్ సభ్యదేశం.

చిన్నగా చేసే దారే లేదా?

ఉంది, ప్లాస్మా. లోహపు గోడలుంటేనే కదా నిప్పురవ్వలు! అణువుల నుంచి ఎలక్ట్రాన్లు ముందే విడిపోయి ఉన్న ప్లాస్మాలో లేజర్‌తోనో, కణాల గుంపుతోనో అల లేపి, ఆ అల మీద ఎలక్ట్రాన్లను స్వారీ చేయిస్తారు. 2019లో బర్క్‌లీలో 20 సెంటీమీటర్లలో 8 జీఈవీలు సాధించారు, అద్భుతమే. అయితే కొలైడర్‌కి శక్తి ఒక్కటే చాలదు. కణాలన్నీ ఇంచుమించు ఒకే శక్తితో ఉండాలి, వెంట్రుక కన్నా సన్నటి చోటికి చేరాలి, సెకనుకి వేలసార్లు అలాగే జరగాలి, అలాంటి గదులు వరసగా ఎన్నో కలపాలి. అక్కడిదాకా ఇంకా రాలేదు.

ఇంకో ఆశ మ్యూయాన్, ఎలక్ట్రాన్‌కి అన్నలాంటి కణం. ఎలక్ట్రాన్ కన్నా 207 రెట్లు బరువు కాబట్టి కాంతి నష్టం చాలా తక్కువ, 10 కిలోమీటర్ల వలయంతోనే 10 టీఈవీల ఢీలు సాధ్యమని అంచనా. కాకపోతే అది నిలిచి ఉన్నప్పుడు సగటున బతికేది 2.2 మైక్రోసెకన్లు, అంటే సెకనుని పది లక్షల వంతులు చేస్తే అందులో రెండు వంతులకి కాస్త ఎక్కువ. ఆ లోపే పోగుచేసి వేగం పెంచాలి, వేగం పెరిగాక ఆయుష్షు బాగా సాగుతుంది.

మరి ఇప్పుడు 91 కిలోమీటర్లది కడతారట, అవసరమా?

సెర్న్ 2025 మార్చిలో బయటపెట్టిన నివేదిక ప్రకారం సొరంగం 90.7 కిలోమీటర్లు, మొదటి దశ ఖర్చు సుమారు 1,500 కోట్ల స్విస్ ఫ్రాంకులు. మొదట ఎలక్ట్రాన్లు, తర్వాత దశాబ్దాలకి అదే సొరంగంలో 14 టెస్లాల అయస్కాంతాలతో సుమారు 85 టీఈవీల ప్రోటాన్ ఢీలు. ఒక్కో వైపు 42.5 టీఈవీలని ఫార్ములాలో పెట్టి చూడండి, వంపులకే సుమారు 64 కిలోమీటర్లు కావాలి, మిగతాది ఎల్‌హెచ్‌సీలోలాగే వంచని భాగాలకి.

వద్దనేవాళ్ల మాటలో పస ఉంది. హిగ్స్ విషయంలో ఎక్కడ వెతకాలో సిద్ధాంతం ముందే చెప్పింది, ఈసారి అలాంటి హామీ లేదు. టెక్సస్‌లో 87 కిలోమీటర్ల యంత్రాన్ని 1993లో, 200 కోట్ల డాలర్లు ఖర్చయ్యాక, 20 కిలోమీటర్లకు పైగా సొరంగం తవ్వాక రద్దు చేసిన ఉదాహరణ కూడా ఉంది. అయినా నా ఓటు కట్టాలనే. హిగ్స్ దొరికిందే తప్ప దాని గుణాలు మనకి ఇంకా సరిగ్గా తెలియవు, అది తనతో తానే ఎలా ప్రవర్తిస్తుందన్నది దాదాపు ఏమీ తెలియదు, ఆ కొలతలు తీయగల యంత్రం ఇంతకన్నా చిన్నగా కట్టడం ప్రస్తుతం ఎవరికీ చేతకాదు. ప్లాస్మా దారి తెరుచుకునేదాకా ఆగుదామంటే అది ఇరవై ఏళ్లో, యాభై ఏళ్లో ఎవరూ చెప్పలేరు, ఈలోగా ఇలాంటి యంత్రాలు కట్టడం తెలిసిన ఇంజనీర్లు రిటైరైపోతారు.